పుట్టి ఎందుకు తీసేశావమ్మే?

సాఫ్ట్‌వేర్ సందేహాలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన నెల ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో, అంటే కోడ్ అందరికీ ఇచ్చేసి నలుగురూ కలిసి రాసుకునేవాటిలో, ఎలా చేరాలో రాశాను. దానికి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు చేరడం గురించి కాదు, చేరాక వచ్చే తగాదాల గురించి. "చెప్పకుండా మార్చేశారు", "చెప్పినా వినరు", "ఎందుకో చెప్పరు"... ఎవరు రాసినా మాట తిరిగి అక్కడికే వస్తోంది. అందుకని ఈ నెల చోటంతా ఆ ఉత్తరాలకే ఇచ్చాను. మొదటి జవాబు పెద్దదైంది. అందులో నేను చేసిన తప్పు ఒకటి ఉంది కాబట్టి కుదించబుద్ధి కాలేదు.

మేడం, నేనూ నా స్నేహితులిద్దరూ కలిసి తెలుగు టైపు చేసే చిన్న ప్రోగ్రాం రాశాం. కోడ్ ఎవరైనా చూడొచ్చు, మార్చుకోవచ్చు. డీటీపీ వాళ్లు, టీచర్లు, కథలు రాసేవాళ్లు వాడుతున్నారు. పొల్లు విడిగా రావడానికి ఇదివరకు ఒక కీ ఉండేది. కొత్త వెర్షన్‌లో అది తీసేసి, ఎక్కడ విడిగా రావాలో ప్రోగ్రామే కనిపెట్టేలా చేశాం. నిజంగా బాగా పనిచేస్తోంది. అయినా "ఎవరినడిగి తీశారు?" అని ఒకటే గొడవ. మూడు పేజీల వివరణ రాసి పెడితే ఒక్కరూ చదవలేదు. ఇంకెలా చెప్పాలి?
– ఒక పాఠకుడు, కావలి

ముందు మిగతా పాఠకులకు ఆ కీ సంగతి చెబుతాను, లేకపోతే గొడవ అర్థం కాదు. తెలుగులో పొల్లు పక్కన హల్లు టైపు చేస్తే కంప్యూటర్ ఆ హల్లును వత్తుగా మార్చి కిందకు దించేస్తుంది. 'పద్మ'కు, 'ఉత్సవం'కు మనకు కావలసింది అదే. 'సాఫ్ట్‌వేర్' దగ్గర మాత్రం అది వద్దు. ఊరికే టైపు చేస్తే 'సాఫ్ట్వేర్' అని ట కింద వ వత్తు వచ్చి చేరుతుంది. వద్దని చెప్పడానికి ఆ రెండింటి మధ్య కంటికి కనిపించని ఒక అక్షరం వేస్తాం. యూనికోడ్‌లో దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. కనిపించకపోయినా ఫైల్లో ఉంటుంది. ఒకే మాటను ఒకరు అది వేసి, ఇంకొకరు వేయకుండా టైపు చేస్తే, మామూలుగా వెతికినప్పుడు ఒకటి దొరికి రెండోది దొరకదు.

ఇప్పుడు మీ విషయానికి వస్తాను. మీరు పంపిన మూడు పేజీలూ రెండుసార్లు చదివాను. మొదటి పేజీ నిండా ఏ మాటలకు పొల్లు విడిగా రావాలో ప్రోగ్రాం ఎలా తేల్చుకుంటుందో ఉంది. రెండో పేజీలో దానివల్ల కోడ్ ఎంత తగ్గిందో ఉంది. మూడో పేజీలో మీరు పరీక్షించిన మాటల వివరం. చిట్టచివర ఒక వాక్యం: "కొన్ని పేర్ల విషయంలో తప్పు రావచ్చు."

శుభలేఖలు కంపోజ్ చేసే మనిషి స్థానంలో కూర్చుని ఆ వాక్యం మళ్లీ చదవండి. ఒక ఇంటివాళ్లు పెళ్లికొడుకు పేరు 'రాజ్‌కుమార్' అని విడదీసి వేయమంటారు. ఇంకో ఇంటివాళ్లు 'రాజ్కుమార్' అని కలిపి వేయమంటారు. నిన్నటిదాకా ఆ తేడా ఆయన వేలికింద ఉండేది. ఈరోజు అది మీ ప్రోగ్రాం ఇష్టం. ఆయనకు అసలు సంగతి ఆ ఒక్క వాక్యమే. దాన్ని మీరు మూడో పేజీ అడుగున పెట్టారు. ఆయన మొదటి పేజీ సగంలోనే ఆపేసి ఉంటాడు. ఆయన్ని తప్పు పట్టలేం.

ఇది నేను మీకు పాఠంలా చెప్పడం లేదు. ఇదే తప్పు నేను చేశాను.

మాకు బుచ్చిరెడ్డిపాలెం దగ్గర కొంచెం పొలం ఉంది, కనిగిరి రిజర్వాయర్ కింద. చెన్నైలో 16 ఏళ్లు ప్రోగ్రామర్‌గా పనిచేసి నెల్లూరు తిరిగొచ్చాక, ధాన్యం అమ్మకాల లెక్క రాసుకోవడానికి ఒక చిన్న ప్రోగ్రాం రాసి, కోడ్ అందరికీ ఇచ్చేశాను. మొదట మా ఇంట్లోవాళ్లు, తర్వాత చుట్టుపక్కల ఊళ్లవాళ్లు, ఆ తర్వాత గోదావరి వైపు నుంచి కూడా ఒకరిద్దరు వాడటం మొదలుపెట్టారు. మా వైపు ధాన్యం పుట్లలో లెక్కపెడతాం కాబట్టి ప్రోగ్రాంలోనూ పుట్లే పెట్టాను. నెల్లూరు పుట్టి అంటే 850 కిలోలు. కొన్నాళ్లకు లెక్కల్లో తేడాలు రావడం మొదలైంది. కారణం కనుక్కుని, పుట్టి తీసేసి అన్నీ కిలోల్లోకి మార్చాను. కొత్త వెర్షన్‌తో పాటు ఒకే లైను రాశాను: "యూనిట్లు కిలోల్లోకి మార్చబడ్డాయి."

మర్నాడు పొద్దున్నే మా మేనమామ ఫోన్. ఆయన ధాన్యం బేరాలు చేస్తారు. "పుట్టి ఎందుకు తీసేశావమ్మే?" అన్నారు. పది నిమిషాలు వివరంగా చెప్పాను. దశాంశాలు, డేటాబేస్, వేరే జిల్లాల వాళ్లు, అన్నీ. ఓపిగ్గా విన్నారు. విని, "నువ్వు చెప్పిందంతా నీకు ఎట్టా సుళువైందో చెప్పావు. నాకు ఏం పోయిందో చెప్పలా" అన్నారు.

ఆ రోజంతా ఆ మాట బుర్రలో తిరుగుతూనే ఉంది. సాయంత్రం ఆ ఒక్క లైను తీసేసి ఇలా రాశాను:

"ఇకనుంచి తూకం కిలోల్లోనే రాయాలి. పుట్లలో రాసుకునే అలవాటున్న మన జిల్లా వాళ్లకు ఇది ఇబ్బంది. బేరం మాట్లాడేటప్పుడు మనసులోనే లెక్క కట్టుకునే సౌకర్యం పోతుంది. అయినా ఎందుకు మార్చాల్సి వచ్చిందంటే: 6,237 కిలోల లోడును 850తో భాగించి రెండు దశాంశాలకు కుదిస్తే 7.34 పుట్లు అవుతుంది. దాన్ని మళ్లీ కిలోల్లోకి మారిస్తే 6,239 వస్తుంది. లేని రెండు కిలోలు లెక్కలోకి వచ్చి చేరాయి. లోడు లోడుకీ ఇలా జరిగితే సీజన్ చివర కాటా చీటీలకూ మన లెక్కకూ పొంతన కుదరదు. దశాంశాలు పెంచితే చాలదా అని కొందరు అడిగారు. ఒక్క నెల్లూరు వరకైతే చాలు. కానీ పుట్టి అన్నిచోట్లా 850 కిలోలు కాదు. ఒకరి ఫైలు ఇంకొకరు తెరిస్తే లెక్క మొత్తం తప్పుతుంది."

ఇది చదివి మామయ్య మళ్లీ ఫోన్ చేశారు. ఈసారి కోపంగా లేరు. "కాటా చీటీ ఎప్పుడూ కిలోల్లోనే వస్తుంది కదా. పుట్టి కావాల్సింది తూకానికి కాదు, ధరకి. తూకం కిలోల్లో పెట్టు, ధర పుట్టికి ఎంతో రాసుకోనీ" అన్నారు. మూడేళ్లుగా ఆ ప్రోగ్రాం రాస్తున్న నాకు ఆ ఆలోచన రాలేదు. ఈరోజుకీ అది అలాగే ఉంది: తూకం కిలోల్లో, ధర పుట్టికి. నేను పోయిందేమిటో రాయకపోయి ఉంటే, పోయింది ఎలా తిరిగి తెచ్చుకోవాలో ఆయన చెప్పి ఉండేవారు కాదు.

అందుకని మీ మూడు పేజీలు పక్కన పెట్టి, ముందు ఒక్క పేరా రాయండి. మొదటి వాక్యంలో ఏం మారిందో, రెండో వాక్యంలో దానివల్ల ఎవరికి ఏం పోతుందో రాయండి. ఆ తర్వాతే కారణం. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండె లాంటి కెర్నల్‌కు మార్పులు పంపేవాళ్ల కోసం రాసిన సూచనల్లో కూడా ముందు సమస్య వివరించండి, వాడేవాళ్లకు కనిపించే ప్రభావం చెప్పండి అనే ఉంటుంది. వేగం పెరిగిందంటే అంకెలు చూపమంటారు, దానితోపాటే పైకి కనిపించని ఖర్చులు ఏమున్నాయో కూడా చెప్పమంటారు. వేలమంది కలిసి పనిచేసే చోట అలా రాయమంటున్నారంటే, ఎంత అనుభవం మీద తేల్చుకుని ఉంటారో చూడండి.

మీ వివరణలో లేనిది ఇంకొకటి ఉంది. మీరు కాదనుకున్న దారులు. కీ అలాగే ఉంచి, ప్రోగ్రాం కనిపెట్టడం అదనంగా పెట్టొచ్చు కదా? ఆ ఆలోచన మీ ముగ్గురిలో ఎవరికో ఒకరికి వచ్చే ఉంటుంది. దాన్ని ఎందుకు వద్దనుకున్నారు? పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషకు పెద్ద మార్పు ఏది కావాలన్నా పెప్ అనే పత్రం రాయాలి. 2000వ సంవత్సరం నుంచి నడుస్తున్న పద్ధతి ఇది. అందులో తిరస్కరించిన ఆలోచనలకు వేరే భాగమే ఉంటుంది. చర్చలో వచ్చి నిలవని ప్రతి ఆలోచననూ, అది ఎందుకు నిలవలేదో అక్కడ రాసిపెడతారు. ఆ భాగం రాయడం కష్టం, ఎందుకంటే ఓడిన వాదనను దాని బలం తగ్గించకుండా రాయాలి. మీరు ఆ భాగం రాశాక, మీతో గట్టిగా పోట్లాడిన డీటీపీ ఆపరేటర్ ఒకరికి చూపించండి. "అవును, నేనన్నది ఇదే" అని ఆయన ఒప్పుకుంటేనే పెట్టండి. నిర్ణయం ఆయనకు నచ్చకపోవచ్చు, ఫర్వాలేదు. తన మాట విన్నారని తెలిస్తే తర్వాతి మాట వేరేగా ఉంటుంది.

చివరగా, మీరు అడగకపోయినా నా అభిప్రాయం చెబుతున్నాను. కీ తిరిగి పెట్టండి. ప్రోగ్రాం కనిపెట్టడం మామూలుగా పనిచేస్తూనే ఉండనీ, కానీ కీ నొక్కితే మనిషి మాటే నెగ్గాలి. మీ మూడు పేజీల్లో కీ తీసేయడానికి నాకు కనిపించిన కారణం ఒక్కటే: కోడ్ తగ్గింది. శుభలేఖ తప్పుపోయిన మనిషికి ఆ కారణం చెప్పలేం. రాయబోతే కారణం నిలవడం లేదంటే, మార్చుకోవాల్సింది వివరణను కాదు.

అక్కా, నేను బీటెక్ మూడో సంవత్సరం. ఒక పెద్ద ప్రాజెక్టుకు నెల రోజులు కష్టపడి మార్పు రాసి పంపాను. "ఇది మా డిజైన్‌కు సరిపోదు" అని ఒక్క లైనుతో మూసేశారు. చాలా బాధేసింది. వదిలేయాలా?
– విద్యార్థిని, ఒంగోలు

వదిలేయొద్దమ్మా. కారణం అడుగు, మర్యాదగా, ఒక్కసారి. అడగడం నీ హక్కు. అపాచీ అనే పెద్ద ఓపెన్ సోర్స్ సంస్థ ప్రాజెక్టుల్లో కోడ్ మార్పును అడ్డుకోవాలంటే మైనస్ వన్ ఓటు వేస్తారు. ఒక్కరు వేసినా ఆ మార్పు ఆగిపోతుంది. అయితే ఆ ఓటుతోపాటు సాంకేతిక కారణం చెప్పి తీరాలి. కారణం లేని అడ్డు చెల్లదు. నీది అపాచీ ప్రాజెక్టు కాకపోవచ్చు, అయినా ఆ మర్యాద అందరికీ తెలిసిందే.

అడిగే ముందు ఒక పని చెయ్యి. నువ్వు మార్చిన ఫైలు చరిత్ర గిట్‌లో, అంటే కోడ్ మార్పులన్నీ దాచిపెట్టే ప్రోగ్రాంలో, చూడు. ఆ లైన్లు ఎవరు, ఎప్పుడు, ఏం రాసి చేర్చారో కనిపిస్తుంది. అదే మార్పు ఇదివరకు ఎవరైనా పంపారేమో మూసేసిన చర్చల్లో వెతుకు. చాలాసార్లు నీకు రావలసిన జవాబు నాలుగేళ్ల క్రితం ఇంకొకరికి ఇచ్చి ఉంటారు. దొరికితే దాన్ని చూపించి, "అప్పటి కారణం ఇప్పటికీ ఉందా?" అని అడుగు. దొరకకపోతే, ఆ ఒక్క లైను రాసినవాళ్లు చెప్పే కారణాన్ని నువ్వే వాళ్ల పత్రాల్లో చేర్చిపెడతానని చెప్పు. అది వాళ్లకు భారం కాదు, నీకు వాళ్ల దగ్గర మొదటి పని అవుతుంది. నెల రోజుల శ్రమ వృథా కాదు. ఆ కోడ్ లోపల ఎలా ఉంటుందో నీకిప్పుడు తెలుసు.

నమస్తే. మాది తెలుగు అనువాదాలకు సంబంధించిన ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు. ఇరవై మందిమి ఉన్నాం, అందరం ఉద్యోగాలు చేసుకుంటూ రాత్రిళ్లు పని చేసేవాళ్లమే. ప్రతి నిర్ణయాన్నీ అందరికీ వివరిస్తూ, ఓటింగ్ పెడుతూ కూర్చుంటే పని ఎప్పుడు చేసేది? ఎవరో ఒకరు నిర్ణయించాలి కదా?
– ఒక పాఠకురాలు, నెల్లూరు

ఎవరో ఒకరు నిర్ణయించాలి, నిజమే. వివరించడం వేరు, ఓటు అడగడం వేరు. మీ ప్రశ్నలో రెండూ కలిసిపోయాయి.

ఓటు పెడితే గొడవ తీరుతుందనీ లేదు. లినక్స్ ఆధారంగా నడిచే డెబియన్ అనే ప్రాజెక్టులో, కంప్యూటర్ ఆన్ కాగానే మిగతా ప్రోగ్రాములను మొదలుపెట్టే పనికి సిస్టమ్‌డీ వాడాలా వద్దా అని 2014లో సాంకేతిక కమిటీలో ఓటు పెట్టారు. ఓట్లు సమానంగా చీలాయి. అధ్యక్షుడి ఓటుతో తేల్చారు. ఒప్పుకోనివాళ్లు ఆ ఏడాదే డెవువాన్ పేరుతో వేరు కుంపటి పెట్టుకున్నారు. కోడ్ అందరి చేతుల్లో ఉన్నప్పుడు విడిపోయే దారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది. జీతాలిచ్చే కంపెనీలో "చెప్పింది చెయ్యి" అంటే నడుస్తుంది. రాత్రిళ్లు నిద్ర మానుకుని ఊరికే పనిచేసే మీ ఇరవై మందిని కట్టి ఉంచేది ఏముంది? కారణం తెలియడం ఒక్కటే.

నిర్ణయం కొద్దిమందే తీసుకున్నా, వివరణ బాగుంటే జనం ఎన్నేళ్లు ఆగుతారో చూడాలంటే గో అనే ప్రోగ్రామింగ్ భాష చూడండి. 2009లో ఆ భాష బయటికి వచ్చినప్పటి నుంచి జెనరిక్స్ ఎందుకు లేవని అడుగుతూనే ఉన్నారు. ఒకే పనిని రకరకాల డేటా మీద చేయడానికి ఒకేసారి రాసిపెట్టుకునే వీలు అది. ఆ భాష తయారుచేసినవాళ్లు "అక్కర్లేదు" అనలేదు. దానివల్ల భాషలో చిక్కు పెరుగుతుంది, ఆ చిక్కుకు తగ్గ లాభం ఇచ్చే పద్ధతి మాకింకా దొరకలేదు, ఆలోచిస్తూనే ఉన్నాం అని తమ ప్రశ్నల పేజీలో రాసిపెట్టారు. ఆ జవాబులో నాకు నచ్చేది, ఏం మారితే నిర్ణయం మారుతుందో అందులోనే ఉంది. తగిన పద్ధతి దొరికితే పెడతామని అర్థం. దొరికింది, 2022 మార్చిలో పెట్టారు. అదే భాషలో 2019లో ట్రై అనే కొత్త సౌకర్యం ప్రతిపాదించి, వాడేవాళ్ల నుంచి వచ్చిన అభ్యంతరాలు విని, ఎందుకు వద్దనుకుంటున్నారో రాసి, ఆ జులైలోనే వెనక్కి తీసుకున్నారు. చేసింది చెప్పడమే కాదు, మానుకున్నదీ చెప్పాలి.

ప్రతిదానికీ ఇంత అక్కర్లేదు. లోపల కోడ్ సర్దుకోవడం లాంటివాటికి ఒక లైను చాలు. పాత ఫైళ్లు తెరుచుకోకుండా పోయేవి, చేతి అలవాటు మారేవి, మళ్లీ వెనక్కి రాలేనివి, ఈ మూడింటికి మాత్రం ముందే చెప్పండి. ముందే అనేది ముఖ్యం. నా చిన్నప్పుడు మా కాలువకు నీళ్ల వంతు మారితే, నీళ్లు వదిలే లస్కరు ముందురోజే సైకిలు మీద వచ్చేవాడు. నీళ్లు వచ్చేవాళ్ల ఇంటికి కాదు, ఎవరి వంతు తప్పుతుందో వాళ్ల ఇంటికి ముందు వెళ్లేవాడు. తిట్లు తినేవాడు. కానీ మర్నాడు కాలువ గట్టు మీద కొట్లాట ఉండేది కాదు. మీ అనువాదాల్లో 'ఫైల్'ను 'దస్త్రం' అని మార్చాలనుకుంటే, ఇన్నాళ్లూ 'ఫైల్' అని చేసుకుంటూ వచ్చిన సభ్యుడికి ముందు చెప్పండి. పదిహేను రోజులు గడువు పెట్టండి. గడువు దాటాక నిర్ణయం మీదే, కారణం రాసి ముందుకు పోండి. మళ్లీ తెరవమంటే, కొత్త కారణం ఉంటేనే తెరుస్తామని చెప్పండి.

మా ప్రాజెక్టు చర్చలన్నీ వాట్సాప్ గ్రూపులోనే. త్వరగా తేలిపోతాయి. కానీ ఆరు నెలలకోసారి ఎవరో కొత్తవాళ్లు వచ్చి పాత ప్రశ్నే అడుగుతారు. మళ్లీ మొదటి నుంచి చెప్పాలి. విసుగొస్తోంది. ఏదైనా మార్గం ఉందా?
– ఒక పాఠకుడు, చీమకుర్తి

ఉంది, మీకు ఖర్చు కూడా లేదు. కోడ్ ఉన్న చోటే 'నిర్ణయాలు' అని ఒక ఫోల్డర్ పెట్టండి. ఒక్కో పెద్ద నిర్ణయానికి ఒక్కో చిన్న ఫైలు, ఒకటి రెండు పేజీలు మించకుండా. 2011లో మైకేల్ నైగార్డ్ అనే ప్రోగ్రామర్ ఈ పద్ధతి గురించి రాశాడు, ఇప్పుడు చాలా ప్రాజెక్టులు వాడుతున్నాయి. అప్పటి పరిస్థితి ఏమిటి, ఏం నిర్ణయించాం, దానివల్ల వచ్చే మంచీ చెడూ ఏమిటి, ఆ నిర్ణయం ఇంకా అమల్లో ఉందా లేదా. ఇంతే. నిర్ణయం మారితే పాత ఫైలు చెరిపేయరు. దాని మీద 'ఫలానా నంబరు దీని స్థానంలో వచ్చింది' అని రాసి అలాగే ఉంచుతారు. మా ధాన్యం ప్రోగ్రాంలో పుట్టి ఫైలు నాలుగో నంబరు. ధర పుట్టికి అన్నది ఏడో నంబరు. నాలుగు చదివినవాళ్లకు ఏడు ఎందుకొచ్చిందో అదే తెలుస్తుంది.

వాట్సాప్‌లో మాట్లాడుకోవద్దని అనను, మనవాళ్లు ఉండేది అక్కడే. కానీ తేలినది తేలినట్టు ఆ రాత్రే ఫైల్లోకి ఎక్కించే బాధ్యత ఒకరికి ఇవ్వండి. గ్రూపులో లేనివాళ్లకు ఆ చర్చ జరగనట్టే. ఇవాళ గ్రూపులో ఉన్నవాళ్లకైనా వారం తిరిగేసరికి గుడ్ మార్నింగ్ ఫొటోల కింద ఎక్కడుందో దొరకదు. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. వాళ్లు చర్చించుకునే పేజీకి రచ్చబండ అని పేరు పెట్టుకున్నారు. ఊళ్లో రచ్చబండ మీద మాట్లాడిన మాట గాలికి పోతుంది. అక్కడ మాత్రం పాత చర్చలు కూడా ఉంటాయి, ఇవాళ చేరినవాళ్లు కూడా వెళ్లి చదువుకోవచ్చు. పేరు మన ఊరిది, పద్ధతి అంతకంటే ఒక మెట్టు పైది. నాకు చాలా ఇష్టమైన పేరు అది.

ఇంకొక్క మాట. ఆ ఫైళ్లు తెలుగులోనే రాయండి. వాడేవాళ్లు తెలుగువాళ్లయినప్పుడు కారణం ఇంగ్లిష్‌లో చెబితే సగం మందిని గుమ్మం బయట నిలబెట్టినట్టే. బయటివాళ్ల కోసం కావాలంటే కింద నాలుగు లైన్లు ఇంగ్లిష్‌లో చేర్చండి. 'డేటాబేస్', 'వెర్షన్' లాంటి మాటలకు అనువాదాలు వెతుక్కుంటూ ఆగిపోవద్దు, అవి అందరికీ తెలుసు. మామయ్యకు రాసినట్టు రాస్తే చాలు.

అమ్మా, నాకు కంప్యూటర్లు తెలియవు. మా అబ్బాయి ఉద్యోగం చేస్తూ, ఖాళీ ఉన్నప్పుడు అందరూ ఉచితంగా వాడుకునే ప్రోగ్రాం ఏదో రాస్తుంటాడు. ఈమధ్య ఏదో మార్చాడట, జనం తిడుతున్నారు. అన్నం ముందు కూర్చుని కూడా ఫోన్ చూసుకుంటూ జవాబులు రాస్తున్నాడు. టెన్షన్‌తో నిద్రపోవడం లేదు. మీ పేజీ వాడూ చదువుతాడు. ఏమైనా చెప్పండి.
– ఒక తల్లి, కోవూరు

మీ ఉత్తరం చదివి చాలాసేపు పక్కన పెట్టలేకపోయాను. అబ్బాయి చేస్తున్నది మంచి పని. తిట్లు రావడం వాడి చేతగానితనం కాదని ముందు వాడికి తెలియాలి. పైథాన్ భాషను సృష్టించిన గిడో వాన్ రాసమ్ అంతటివాడు కూడా 2018లో ఒక చిన్న గుర్తును భాషలో చేర్చే విషయంలో నెలల తరబడి వాదనలు పడి, చివరికి ఆ మార్పును ఆమోదించి, ఆ వెంటనే ఇకమీదట తుది నిర్ణయాలు నేను తీసుకోనని తప్పుకున్నాడు. ఇన్ని నిర్ణయాలు ఒక్క మనిషి మీద పడకూడదని అప్పుడు అందరికీ తెలిసొచ్చింది. మరుసటి ఏడాది ఐదుగురిని ఎన్నుకుని ఆ పని వాళ్లకు అప్పగించారు. మీవాడికి కూడా ఇంకొకరిద్దరు తోడు కావాలి. తిట్టేవాళ్లలోనే ఓపిగ్గా, వివరంగా తిట్టేవాళ్లు ఒకరిద్దరు ఉంటారు. వాళ్లను పిలవమనండి.

రాత్రి వచ్చిన మాటకు పొద్దున జవాబు రాయమనండి. పదిమంది అడిగిన ఒకే ప్రశ్నకు పది జవాబులు వద్దు. ఒక్కచోట నిదానంగా రాసి, అందరికీ అదే చూపించాలి. కోపంగా అడిగినవాళ్లకూ అదే, మర్యాదగా అడిగినవాళ్లకూ అదే. వ్యక్తిగతంగా తిట్టినవాళ్లకు జవాబు చెప్పాల్సిన పనే లేదు.

ఇక మీరు చేయగలిగింది. కంప్యూటర్లు తెలియవన్నారు కదా, ఈ పనికి అదే కావాలి. వాడు ఆ జవాబు రాశాక పెట్టకముందు మీకు చదివి వినిపించమనండి. మీకు అర్థం కాని చోట ఆపండి. "దీనివల్ల వాళ్లకు ఏం ఇబ్బంది వచ్చిందిరా?" అని అడగండి. నోటితో మీకు ఏం చెబుతాడో, కాగితం మీద అదే రాయమనండి. అది భోజనం అయ్యాకే.